జపాన్ కెమెరాకు రష్యా కన్ను

"నేనే చంపినానని రాసిచ్చినా గదా మేడం. మళ్ళా యాల వస్తారు?"

మదనపల్లె సబ్ జైలులో ఇనుప జాలీ అవతల నిలబడి సాయికుమార్ తలెత్తకుండానే అడిగాడు. గడ్డం పెరిగింది. పోయినసారి చూసినప్పటికంటే భుజాలు ఇంకా కుంగాయి.

"రాసిచ్చినావు. కానీ తల మీద దేంతో కొట్టినావో రాయలేదు. రాయితోనా, కట్టెతోనా?" అంది కుసుమ.

అతను జాలీ మీది తుప్పును గోటితో గీకాడు.

"నీకు తెల్దు. ఎందుకంటే నువ్వు ఆడ లేవు."

"ఉంటే మాత్రమేంది, లేకుంటే మాత్రమేంది? వర్షిత లేదు. బయటికొచ్చి నేనేం జేసేది?"

కుసుమకు కోపం వచ్చింది. కానీ అతని మీద కోపం నిలవలేదు. పోలీసు క్లూస్ టీంలో ఫొటోగ్రాఫరుగా పన్నెండేళ్ళు పనిచేసి, ఉద్యోగం మానేసి, ఈ ఊళ్ళో చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుందామె. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే. హత్య కేసు ఇదే మొదటిది, తెచ్చింది సాయికుమార్ తల్లి. ఈ కేసులో ముద్దాయికే బతకాలని లేదు.

జరిగింది ఇది. పుంగనూరులో నల్లప్ప అనే పెద్దాయన మూసేసిన ఫొటో స్టూడియోను చిన్నకూతురు వర్షిత మళ్ళీ తెరిచింది. ఫిలిం కెమెరాల మోజు తిరిగొచ్చిందిగా, బెంగళూరు నుంచి కొరియర్‌లో వచ్చే ఫిలిం రోళ్ళను కడిగి పంపేది. రామసముద్రం సచివాలయంలో ఉద్యోగం చేసే సాయికుమార్ ఆమె దగ్గర ఫొటోలు నేర్చుకోవడానికి వచ్చాడు. పెళ్ళి చేసుకుందామనుకున్నారు. పోయిన నెల కుప్పం దగ్గర పాడుబడిన గ్రానైటు క్వారీ నీళ్ళలో వర్షిత శవం తేలింది. తల వెనక దెబ్బ ఉంది. కొద్దిరోజులకే సాయికుమార్ గదిలో నెగెటివ్ తునక ఒకటి దొరికింది. అందులో వర్షిత అదే క్వారీ అంచున, చనిపోయిన రోజు వేసుకున్న మామిడిపిందెల చుడీదార్‌తో, చెవులకు జుంకాలతో నిలబడి ఉంది. ఆ ఫొటోలు తీసినవాడే ఆమెను చివరిగా చూసినవాడు. సాయికుమార్ దగ్గర రష్యా ఫిలిం కెమెరా ఉంది. అంతటితో కేసు ముగిసిందన్నారు.

"నీ కెమెరా గురించి చెప్పు," అంది కుసుమ. "ఏ లెన్సు?"

"ఫెడ్ కెమెరా. ఇండస్టార్-61 లెన్సు. దాంతోనే వచ్చింది."

"జూపిటర్-8 అనే ఇంకో రష్యా లెన్సు ఎప్పుడైనా వాడినావా? పోలీసుల ఫొటోలు దాంతో తీసినట్టు ఉన్నాయి."

ఆ మాటకు అతను మొదటిసారి తలెత్తాడు. "లేదు. వర్షిత వాడింది. టమోటా మార్కెట్లో దీపాలెలిగినాక ఒకే చోట నిలబడి రెండు లెన్సులతో తీసి నాకు సూపించింది. 'నీ ఇండస్టార్ ఉండేది ఉండేటట్టు సూపిస్తాది. మా నాయన జూపిటర్ మనిషిని ప్రేమగా సూస్తాది' అనింది. నా లెన్సులో ఎనక దీపాలు ఆరు మూలలుగా పన్యాయి. దాంట్లో గుండ్రంగా పన్యాయి."

"ఎందుకట్లా?"

"లోపల వెలుతురు తగ్గించే రేకులుంటాయి గదా. నా దాంట్లో ఆరే. జూపిటర్‌లో తొమ్మిది, అందుకే గుండ్రంగా వస్తాది. అవన్నీ ఆమే చెప్పింది."

"ఆ జూపిటర్ ఇప్పుడు యాడుంది?"

"వాళ్ళ నాయన ఎవరికో ఇచ్చేసినాడంట. ఎవరికని నేనడగలేదు. మేడం, మా అమ్మను ఈడికి రావద్దని చెప్పండి. ఆమె మొగం సూడలేకపోతాండా."

*

ఆ అమ్మే మర్నాడు మధ్యాహ్నం కుప్పం క్వారీ అంచున నిలబడింది.

శాంతకుమారి అంగన్‌వాడీ కార్యకర్త. కుసుమ ఇచ్చిన జుంకాలు చెవులకు పెట్టుకుని, ఫొటోలో వర్షిత నిలబడిన రాతిబండ మీదే నిలబడింది. వెనక లోతైన గుంత, అందులో నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద ముక్కలు ముక్కలుగా మెరిసే ఎండ.

"నవ్వల్లా అమ్మా?" అని అడిగింది.

"వద్దు. నా వైపు చూస్తే చాలు."

బెంగళూరులో పాత కెమెరాలు కూడబెట్టే ఒకాయన దగ్గర కుసుమ అరువు తెచ్చుకున్న సరుకు బండ మీద పరచి ఉంది. సాయికుమార్‌ది లాంటిదే ఒక ఫెడ్, ఒక ఇండస్టార్-61, ఒక జూపిటర్-8, ఎందుకైనా మంచిదని అడిగి తెచ్చుకున్న ఒక పాత జపాన్ కెమెరా. లాయరు ద్వారా తెప్పించుకున్న పోలీసు ప్రింట్లు ఒళ్ళో పెట్టుకుని, అదే వెలుతురులో, అంతే దూరం నుంచి ఆమె ఒక్కో ఫొటో తీసింది. మొదట ఫెడ్‌కు ఇండస్టార్ బిగించి, తర్వాత అదే ఫెడ్‌కు జూపిటర్ బిగించి తీసింది.

ఆ పని చేస్తూనే బండను, అంచును వెతికింది. రక్తపు మరకలు వానకు ఎప్పుడో పోయాయి. కంకర మీద లారీ టైర్ల జాడలు తప్ప మరేమీ లేవు. నెల దాటిన చోటు ఏం చెబుతుంది? ఇక్కడ మిగిలిన సాక్షి ఈ నీళ్ళ మీది వెలుగొక్కటే.

సంచీ సర్దబోతుంటే బెంగళూరు ఆయన చెప్పిన మాట గుర్తుకొచ్చింది. 'రష్యా లెన్సును జపాన్ కెమెరాకు పెట్టకండి. బిగించే మర సరిపోతుంది గానీ దూరం లెక్క సరిపోదు, ఫోకస్ తప్పుతుంది.' ఆమె ఆగి, జూపిటర్‌ను ఆ జపాన్ కెమెరాకు బిగించి మళ్ళీ తీసింది.

ఇంట్లో స్నానాలగదినే చీకటిగది చేసుకుని ప్రింట్లు కడిగింది. ఇండస్టార్ ప్రింటులో రాతి మీది ఉలి గాట్లతో పాటు శాంతకుమారి నుదుటి మీది గీతలు కూడా దయాదాక్షిణ్యం లేకుండా కనిపించాయి. నీళ్ళ మీది మెరుపులు ఆరు మూలల బిళ్ళల్లా పడ్డాయి. జూపిటర్ ప్రింట్లలో నీడలు మెత్తబడ్డాయి, పక్క నుంచి వచ్చిన ఎండ పల్చటి పాలపొరలా పరుచుకుంది, మెరుపులు గుండ్రంగా ఉన్నాయి. పోలీసుల ప్రింట్లలోనూ గుండ్రమే.

ఆమె సంతోషించబోయి ఇంకొకటి గమనించింది. పోలీసుల ప్రింటులో వర్షిత కళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి, చెవి జుంకా మాత్రం పూస పూసా లెక్కపెట్టేలా ఉంది. ఫెడ్ మీద జూపిటర్‌తో తీసినదాంట్లో శాంతకుమారి కళ్ళు తేటగా వచ్చాయి. జపాన్ కెమెరా మీద అదే లెన్సుతో తీసినదాంట్లో కళ్ళు మసకబారి జుంకా తేటగా వచ్చింది.

ఆమె భూతద్దం పక్కన పెట్టి పోలీసుల ప్రింటు వెనక రాసుకుంది: జపాన్ కెమెరా, జూపిటర్ లెన్సు.

*

"ఏమ్మా కుసుమా, పెళ్ళి సంబంధాలు తగ్గిపోయాయా?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ముద్దుకృష్ణ.

ఈ కేసు అతనిదే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జీపులో తిరిగారు. అప్పట్లో ఆమె తీసిన ఫొటోలు చూసి అతను మెచ్చుకునేవాడు. ఇప్పుడు టేబుల్ మీద ఆమె పరిచిన ప్రింట్లను వేలితో కూడా ముట్టుకోలేదు.

"మీ సాక్ష్యం ఫొటోలు సాయికుమార్ లెన్సుతో తీసినవి కావు సార్. మెరుపులు చూడండి."

అతను వంగి చూశాడు. తెలివితక్కువవాడు కాదు, తేడా వెంటనే పట్టుకున్నాడు. పట్టుకుని నవ్వాడు.

"లెన్సు మర తిప్పితే ఊడొస్తుంది. ఇంకోటి బిగించుకున్నాడు. రెండూ ఒకే మర అని నువ్వే ఒప్పుకుంటావు."

"ఒప్పుకుంటా. కానీ అతని ఫెడ్‌కు జూపిటర్ పెడితే ఫోకస్ కళ్ళ మీద పడుతుంది, ఇదిగో. జపాన్ కెమెరాకు పెడితే కళ్ళు దాటి వెనక్కి, జుంకా మీద పడుతుంది. మీ ఫొటోలో ఎక్కడ పడింది?"

"ఆ పిల్ల కదిలిందేమో."

"దగ్గర్నుంచి తీసిన ప్రతి ఫ్రేములోనూ, ఒకే వైపుకా?"

ముద్దుకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వు పోయింది.

"సరే, వినమ్మా. నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కోర్టులో నిలబడి జుంకా కథ చెప్తావా? వాడి గదిలో నెగెటివ్ దొరికింది. వాడు చేశానని జడ్జి ముందు చెప్పాడు. సోమవారం ఛార్జిషీటు వేస్తున్నా."

"చావాలనుకునేవాడి మాట పట్టుకుని వేస్తారా?"

"గొంతు పెంచకు." ప్రింట్లను అతనే ఒకదాని మీద ఒకటి పేర్చి ఆమె వైపు తోశాడు. "ఆ జపాన్ కెమెరా తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టు. లేదంటే అది ఆ రోజు ఎవరి చేతిలో ఉందో చెప్పే మనిషిని తీసుకురా. అప్పుడు నేనే ఛార్జిషీటు చించేస్తా. అంతవరకు ఇవి ఉత్త కాగితాలు."

ఆమె ప్రింట్లు తీసుకుని లేచింది. అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

*

పుంగనూరు స్టూడియోలో నల్లప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కుసుమ అడుగుపెట్టగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి, "కూకో తల్లీ," అన్నాడు. చెల్లెలి కర్మలకని కుప్పం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దకూతురు సుష్మ, గ్లాసుతో మజ్జిగ తెచ్చిపెట్టి, స్టూడియో వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళిపోయింది. నిద్రపోతున్న మూడేళ్ళ పాప భుజం మీదే ఉంది.

కుసుమ కూర్చోలేదు. గోడ నిండా పాత నలుపు తెలుపు ఫొటోలున్నాయి. చౌడేపల్లె పెళ్ళికూతుళ్ళు, తంబళ్లపల్లె పెళ్ళికూతుళ్ళు, తలంబ్రాలు, బాసికాలు. ఆమె భూతద్దం తీసి ఒక్కొక్క ఫొటో దగ్గరా ఆగుతూ నడిచింది.

"ఏం సూస్తాండావమ్మా?"

"కళ్ళు సూస్తాండా అన్నా."

వెనకాల నల్లప్ప కుర్చీ తుడిచిన గుడ్డను జారవిడిచాడు.

ప్రతి పెళ్ళికూతురి కళ్ళూ కొంచెం మసక. ప్రతి కమ్మా పూస పూసా తేట.

"ఇవన్నీ ఏ కెమెరాతో తీసినావన్నా?"

"జపాన్‌ది. మెడ్రాసులో పాతది కొన్న్యా. దాని లెన్సుకు బూజు పట్టి పోతే, ఆడనే రష్యా లెన్సు దొరికింది, బిగిచ్చినా." అతని మాట మెల్లగా, ఎవరికో అప్పజెప్పే పాఠంలా వచ్చింది. "దగ్గరగా తీస్తే కండ్లు రవ్వంత మెత్తగా వస్తాయి. తప్పని నాకు తెలుసు. జనం మాత్రం నల్లప్ప తీస్తే పెండ్లికూతురి కంట్లో తడి కనపడతాది అని మెచ్చుకున్యారు. నేనూ దిద్దకుండా అట్లనే ఇడ్సిపెట్టినా."

కుసుమ పోలీసుల ప్రింటు తీసి అతని ముందు పెట్టింది. అతను దాని వైపు చూడలేదు.

"పోలీసులు నీకు ఇది సూపించినారు. తెల్దన్యావు."

"అన్న్యా."

"ముప్పై ఏండ్లు వాడిన లెన్సు. సూడంగానే గుర్తుపట్టింటావు."

"సూడంగానే కాదమ్మా." నల్లప్ప స్టూలు మీద కూలబడ్డాడు. "అంతకు ముందే. ఆ ఫిలిం కడిగింది నేనే."

కుసుమ భూతద్దం సంచీలో వేసింది.

"బిడ్డ పోయిన మూడో దినం అల్లుడొచ్చినాడు. నరేంద్ర. రోలు చేతిలో పెట్టి, కడుగు మామా అన్యాడు. వర్షిత సామాన్లలో దొరికింది, సాయికుమార్‌ది అన్యాడు. నేను చీకటిగదిలోకి పోయినా. డబ్బాలో నుంచి తీసి వెలుతురుకు పట్టుకున్యా..." నెగెటివ్ పట్టుకున్నట్టు అతను రెండు వేళ్ళు గాలిలోకి ఎత్తాడు. "నా బిడ్డ ఆడ నిలబడుకోనుండాది. నా లెన్సులో. ఆ కెమెరా నేను పోయినేడు పండక్కి నరేంద్రకే ఇచ్చినా."

నరేంద్ర కుప్పంలో గ్రానైటు కంపెనీ సూపర్‌వైజరు. ఆ క్వారీ దారులన్నీ అతనికి కొట్టినపిండి. కుసుమకు అంతా ఒక్కసారే అర్థమైంది.

"నీకు తెలిసిందని అతనికి తెల్సా?"

"నా ఎనకనే నిలబడినాడు. 'ఇది సాయికుమార్ తీసిండేది మామా' అన్యాడు. అది నాకు చెప్పిన మాట కాదమ్మా. పోలీసులకు నేనేం చెప్పల్లో నాకు నేర్పిచ్చినాడు. మర్నాడే ఆ తునక ఆ పిల్లోడి రూములో దొరికింది."

"యాల చంపినాడు?"

"అడగలేదు." నల్లప్ప ముఖం అరచేతుల్లో దాచుకున్నాడు. "అడిగితే చెప్తాడేమోనని భయం."

ఈ ఒక్క మాట కోసమే కుసుమ నెలంతా తిరిగింది. ఇప్పుడు దొరికాక పట్టుకోబుద్ధి కాలేదు. ఆమె అతని పక్కన కూర్చుంది.

"నా వెంట రా అన్నా. ఇన్‌స్పెక్టరు ముందర ఈ మాట చెప్పు. సోమవారం దాటితే ఆ పిల్లోడు బతకడు. వాడికి బతకాలనే లేదు, నేను కండ్లారా సూసినా."

"రాను."

"ఒక తల్లి రోజూ..."

"నాకు తెల్దా ఆ తల్లి?" అతను తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు లేవు, ఎండిపోయి ఉన్నాయి. "ఒక బిడ్డ మట్టిలోకి పోయింది. ఇంకో బిడ్డ మొగుణ్ణి నా నోటితోనే జైలుకు పంపమంటావా? ఆ పసిదానికి రేపు నీ నాయన యాడ అంటే ఏమని చెప్పేది? నువ్వు ఎవురిని పిలిచి అడిగించినా నాకేమీ తెల్దంటా. పో తల్లీ. నన్ను ఇడ్సిపెట్టు."

ఇన్‌స్పెక్టరు అడిగిన మనిషి ఎదురుగానే ఉన్నాడు, అయినా లేనట్టే. కుసుమ ప్రింటు తీసి సంచీలో పెట్టుకుంది. జైల్లో జాలీ పట్టుకుని నిలబడిన సాయికుమార్‌కు ఏం చెప్పాలి? నువ్వు చేయలేదని తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ చెప్పరు అని చెప్పాలా?

ఆమె గుమ్మం దాకా వెళ్ళేసరికి పక్కింటావిడ పాపక్క, సుష్మ కూతుర్ని చంకనెత్తుకుని ఎదురొచ్చింది.

"కుసుమమ్మ అంటే నువ్వేనా? సుష్మ నీకు చెప్పమనింది. పాపను నాకిచ్చి, ఎనక వాకిట్లో నుంచి పోయి కుప్పం బస్సెక్కేసింది. వాళ్ళ నాయన కెమెరా వాళ్ళింట్లోనే బీరువా మీద ఉండాదంట. తెచ్చిస్తాదంట, నిన్ను ఈడనే ఉండమనింది. ఏడుస్తానే పోయింది, ఏందమ్మా కత?"

తలుపు చాటున నిలబడి సుష్మ నరేంద్ర సంగతి విన్నదన్నమాట. కుసుమ గుండె ఒక్కసారిగా తేలికైంది. ఒక్క క్షణమే. వెనక్కి తిరిగి నల్లప్ప ముఖం చూసేసరికి ఆ తేలిక కాస్తా ఆవిరైపోయింది.

అతను లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకున్నాడు.

"నీ కారు ఈదిలో ఆగినప్పుడే నేను నరేంద్రకు ఫోన్ జేసినా," అన్నాడు. "డిటెక్టివమ్మ మళ్ళా వచ్చింది, పనిడ్సి ఇంటికి పోయి ఆ కెమెరా యాడన్నా పారేయి నాయనా అన్న్యా. ఆ పిల్ల కాపురం నిలబడల్లనే అన్న్యా తల్లీ. వాడిప్పుడు ఇంట్లోనే ఉంటాడు."

కుసుమ అప్పటికే సుష్మ నంబరు నొక్కింది. ఫోన్ మోగింది. వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన మోగింది. సుష్మ దాన్ని మర్చిపోయి వెళ్ళింది.

"ముద్దుకృష్ణ సార్..." ఆమె రెండో నంబరు వెతుక్కుంటూ కారు వైపు పరుగెత్తబోయింది. అంతలో వంటింట్లో ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి చేసింది కుసుమ కాదు.

"ఎత్తొద్దు!" అని అరిచింది.

అప్పటికే పాపక్క లోపలికి పోయి, పాపను నడుము మీద సర్దుకుంటూ స్పీకరు నొక్కేసింది. "ఎవురూ? నరేంద్రప్పా? నేను పాపక్కను. సుష్మ లేదప్పా, మీ ఇంటికే వస్తాండాది. ఏదో కెమెరా కావాల్నంట, డిటెక్టివమ్మకు ఇచ్చేదానికి. బస్సులో ఉంటాది."

నల్లప్ప గోడ వదిలి వంటింటి వైపు కదిలాడు.

"సరే పాపక్కా," అన్నాడు నరేంద్ర, చాలా నెమ్మదిగా. "బస్‌స్టాండుకు నేనే పోయి పిలుచుకొస్తా."